11 రూపాయల 10 అణాల 8 పైసలు: ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది భరణం తగాదానా, తిరుగుబాటా?

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. వచ్చే నెలలో వాళ్ల బడిలో వక్తృత్వ పోటీ ఉంది, ఆమెకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి జీవితం అంశంగా వచ్చింది. నాకు తెలిసినంతలో ఒక కాగితం రాసి ఇచ్చాను. 1846 జూన్‌లో పాలెగాళ్ల వారసుడిగా ఈస్టిండియా కంపెనీ నుంచి నెలనెలా తనకు రావలసిన భరణం కోసం ఆయన కోయిలకుంట్ల ఖజానాకు మనిషిని పంపడం, తాసీల్దారు రాఘవాచారి ఆ మనిషిని తిట్టి, రెడ్డే స్వయంగా వస్తే తప్ప ఇవ్వనని తిప్పి పంపడం, జూలై 10న రెడ్డి సుమారు 500 మందితో వచ్చి ఖజానాపై పడడం, అక్టోబరు 6న పేరుసోమల దగ్గర పట్టుబడడం, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జుర్రేరు ఒడ్డున ఉరి తీయడం, ఇంతవరకు వరుసగా రాశాను.

మొన్న రాత్రి అన్నాల దగ్గర ఆ కాగితాన్ని గట్టిగా చదువుతూ మధ్యలో ఆగిపోయి, "నాన్నా, భరణం ఇవ్వలేదని కోపమొచ్చి ఖజానా కొట్టినాయన స్వాతంత్ర్య యోధుడు ఎట్లవుతాడు?" అని అడిగింది. నేను చెప్పిన జవాబు ఆమెకు నచ్చలేదు, నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. పొగడ్త కాకుండా, తిట్టూ కాకుండా, ఆ పిల్ల ప్రశ్నకు నిలబడే సమాధానం ఏమైనా ఉంటే పెద్దలు చెప్పగలరు.

అర్జీదారు (చిత్తూరు)

నా ఉద్యోగమంతా రెవిన్యూ దస్తరాల మధ్యనే గడిచింది కాబట్టి ముందు లెక్కలోకి వెళతాను, కోప్పడకండి. ఉయ్యాలవాడ పాలెం కుటుంబానికి కంపెనీ ఇచ్చిన భరణం నెలకు 70 రూపాయలు. అన్నదమ్ములు పెద్దమల్లారెడ్డి, చినమల్లారెడ్డి వేరుపడడంతో అందులో సగం, అంటే 35 రూపాయలు, పెద్దమల్లారెడ్డి ఇంటికి వచ్చాయి. ఆయన ముగ్గురు కొడుకుల్లో నరసింహారెడ్డి ఒకడు. 35ను మూడుతో భాగించండి. 11 రూపాయలు పోగా మిగిలిన రెండు రూపాయలకు, రూపాయికి 16 చొప్పున అణాలు కట్టి, అణాకు 12 పైసల చొప్పున లెక్క వేస్తే సరిగ్గా 11 రూపాయల 10 అణాల 8 పైసలు తేలుతుంది. రికార్డులో ఆయన వంతుగా కనిపించే మొత్తం కూడా అదే, పైసా తేడా లేదు.

ఇంకొక లెక్క. కోయిలకుంట్ల ఖజానాలో ఆ రోజు పోయినది 805 రూపాయల 10 అణాల 4 పైసలు. ఆయన నెలవారీ వంతుతో దాన్ని భాగిస్తే 69 నెలలకు సరిపోయి, పైన 10 అణాల 4 పైసలు మిగులుతాయి. ఆ తరువాత ఆయన తలకు కంపెనీ కట్టిన వెల వెయ్యి రూపాయలు, అంటే పోయిన సొమ్ము కన్నా పట్టించినవాడికి ఇస్తామన్న సొమ్మే ఎక్కువ.

నా అభిప్రాయం ఇది. తనకు హక్కుగా రావలసిన భరణం గురించి, తల్లి వైపు బంధువైన నొస్సం జయరామిరెడ్డి పోయాక నిలిచిపోయిన భరణం గురించి ఆయన పడిన పేచీ మొదట సొంత పేచీయే. దాన్ని దేశం కోసం చేసిన పోరాటమని చెప్పి పిల్లలకు నేర్పితే, ఆ పిల్ల అడిగిన ప్రశ్నే రేపు ఇంకొక పిల్ల అడుగుతుంది.

బాహుదా (మదనపల్లె)

అర్జీదారు సార్, మీ భాగహారం చాలా బాగుంది, నేనూ కాగితం మీద వేసి చూసుకున్నాను. కానీ మీరు రెడ్డి వంతును లెక్క వేసిన శ్రద్ధతోనే, ఆయన వెంట నడిచిన 500 మంది వంతును కూడా లెక్క వేసి ఉంటే బాగుండేది. ఆయనకు భరణం రాలేదు సరే, వాళ్లకు ఎందుకు కడుపు మండింది?

ఈ కథ మనది కాదు, ఎక్కడో రేనాటిది, అంటే కోయిలకుంట్ల వైపుది అని మన వైపు చాలామంది అనుకుంటారు. 1846లో కోయిలకుంట్ల, మదనపల్లె, వాయల్పాడు ఒకే జిల్లాలో, అంటే కడప జిల్లాలో ఉండేవి. కోయిలకుంట్లను 1858లో కర్నూలుకు మార్చారు, మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. కాబట్టి ఉరికంబం దగ్గర నిలబడి చూసిన కలెక్టరు కాక్రేన్ మా ఊరి రైతులకు కూడా కలెక్టరే, మా తాతల తాతలు కట్టిన శిస్తు కూడా ఆ కచేరీ లెక్కలోకే చేరింది.

ఇక మూలానికి వస్తే, 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు 80 మంది పాలెగాళ్లు ఎదురయ్యారు. వాళ్ల కోటలనూ బంట్లనూ తీసివేసి, లొంగినవాళ్లకు నెలకింత అని భరణం కట్టి కూర్చోబెట్టాడు. మీరు చెప్పిన 70 రూపాయలు ఆ ఏర్పాటులోనివే. ఆ భరణం దానమూ కాదు, కొలువుకు ఇచ్చే జీతమూ కాదు, తీసుకున్న అధికారానికి బదులుగా ఇచ్చిన వెల. అది తరానికి ఇన్ని ముక్కలవుతూ, వారసులు లేని చోట కంపెనీకే మిగిలిపోతూ వచ్చింది.

పాలెగాడి కింద కట్టుబడులు ఉండేవారు. ఊరి కావలి కాచి, అవసరమైతే ఆయుధం పట్టుకొని కదిలే బాధ్యతకు బదులుగా తక్కువ శిస్తు మీద ఈనాం భూమి అనుభవించేవాళ్లను కట్టుబడులు అనేవారు. పాలెగాడే లేనప్పుడు వాళ్ల కావలితో పనేముందని కంపెనీ భావించింది. ఒక్కొక్క కట్టుబడి చనిపోయినప్పుడల్లా ఆ ఈనామును కొడుకుకు ఇవ్వకుండా కలిపేసుకోవడం మొదలుపెట్టింది. గుడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం ఊళ్లలో ఇటువంటి ఈనాములు పోయినవాళ్లే నరసింహారెడ్డి చుట్టూ మొదట చేరారు. ఆయన నొస్సం భరణం పోవడానికీ, వాళ్ల భూమి పోవడానికీ కారణం ఒక్కటే, మనిషి పోతే హక్కు పోవడం. ఒకే కలం ఒకే దస్తరంలో రెండు పేర్లూ కొట్టివేసింది. అందుకే ఆయన పిలుపు వాళ్లకు దొరగారి సొంత గొడవలా వినిపించలేదు.

రైతు సంగతి దీనికన్నా అన్యాయం. మన్రో శిస్తును పంటలో సుమారు 45 శాతం చొప్పున వేసి, అది భరించలేనిదని తానే ఒప్పుకొని నాలుగో వంతు తగ్గించమని 1807లో రాస్తే, పైవాళ్లు అప్పుడు వినలేదు. ఆయనే మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన 1820లో గాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. ఆ తరువాత ధాన్యం ధరలు పడిపోయి ఏళ్ల తరబడి లేవలేదు. శిస్తు మాత్రం రూపాయల్లో నిలిచే ఉంది. పది బస్తాలు అమ్మి కట్టిన శిస్తుకే పదిహేను బస్తాలు అమ్మవలసి వస్తే ఆ ఇంట్లో ఏమి మిగులుతుందో మన టమాటా రైతును అడిగినా చెబుతాడు.

పులిచెర్ల_పిల్లోడు

అక్కా, చాలా విషయాలు తెలిశాయి. అయితే మన చిత్తూరు పాలెగాళ్ల పేరు ఎవ్వరూ ఎత్తడం లేదని నా బాధ. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి ఈ సీమ కంపెనీకి పోయాక, 1804లోనే మన పాలెగాళ్లు ఎదురు తిరిగారు. కల్లూరు, పులిచెర్ల లాంటి పాలేల పేర్లు ఇప్పుడు మనకు బస్సు బోర్డుల మీద మాత్రమే కనిపిస్తాయి. పటాలాలు దిగి అణచివేసిన ఆ తిరుగుబాటు నరసింహారెడ్డి కన్నా 40 ఏళ్లకు పైగా ముందుది. మరి నరసింహారెడ్డిని "తొలి" స్వాతంత్ర్య యోధుడంటారే, ఆ మాట ఎవరికి చెందాలి?

కపిలతీర్థం (తిరుపతి)

తమ్ముడూ, "తొలి" అనే మాటను పక్కన పెట్టడమే మేలు. నేను పాతికేళ్లు చరిత్ర పాఠం చెప్పాను. ఆ మాట కోసం జిల్లాలు కొట్టుకోవడమే తప్ప ఒక్క పిల్లవాడికైనా దానివల్ల విషయం అర్థమైనట్టు నాకు గుర్తులేదు. 1799లో కయత్తారులో ఉరికెక్కిన తమిళ సీమ పాలెగాడు కట్టబొమ్మన ఇంటి భాష తెలుగే. మీరన్న 1804 ఉంది. 1857 అందరికన్నా వెనుక వచ్చి పాఠ్యపుస్తకంలో ముందు కూర్చుంది. వరుస సంఖ్య వేయడం వల్ల మనిషి పెద్దవాడూ కాడు, చిన్నవాడూ కాడు.

అసలు చెప్పదలచుకున్నది వేరు. పాలెగాళ్లను దేవుళ్లను చేయవద్దు. కావలి రుసుమని ఊళ్ల మీద పడి వసూలు చేసినవాళ్లూ, పక్క పాలెం పశువులను తోలుకుపోయినవాళ్లూ, రైతు నెత్తిన రెండో శిస్తుగా కూర్చున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఈనాటికీ మన వైపు ఎవడైనా దౌర్జన్యం చేస్తే "వాడొక పాలెగాడు" అంటాం, ఆ మాటకు ఆ అర్థం ఊరికే రాలేదు. మన్రో వాళ్లను అణచినప్పుడు ఊపిరి పీల్చుకున్న ఊళ్లు కూడా ఉండి ఉంటాయి.

అయినా నలభై ఏళ్లలో ఏమి జరిగితే అదే ఊళ్లు పాలెగాడి మనవడి వెంట నడిచాయి? అమ్మాయి కాగితంలో ఈ ప్రశ్న ఉండాలి. ఆయన వెనుక బోయలు ఉన్నారు, వడ్డే ఓబన్న ముందు నిలిచాడు, గోసాయి వెంకన్న ఉన్నాడు, అవుకు రాజు తమ్ముడు ఉన్నాడు. తిరుగుబాటు పెరిగినప్పుడు కలిసినవాళ్లు ఐదు వేల దాకా ఉంటారని చెబుతారు. 11 రూపాయల భరణం కోసం ఐదు వేల మంది ప్రాణాలకు తెగించరు.

గుడిపాల_గట్టు

మాది వేలూరుకు దగ్గర. కోయిలకుంట్ల ఖజానా మీద పడిన తేదీ చూసి ఒక్క క్షణం ఆగాను. వేలూరు కోటలో సిపాయిలు తిరగబడింది 1806 జూలై 10 తెల్లవారుజామున. సరిగ్గా 40 ఏళ్ల తరువాత అదే తేదీన కోయిలకుంట్ల. దీనిలో కాకతాళీయం తప్ప ఏమీ లేదని నాకు తెలుసు, ఎవరూ ముడి వేయకండి. చెప్పకుండా ఉండలేక చెప్పాను.

నిర్వాహకుడు

కులాల ప్రస్తావనతో, ఎవరి వీరుడు గొప్ప అనే పోటీతో వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. వ్యాఖ్యలు చేసినవారికి విడిగా తెలియజేశాను. చర్చ కొనసాగించవచ్చు.

తలకోన_బాట (భాకరాపేట)

అడవి సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ భాగం నేను రాస్తాను. కోయిలకుంట్ల తరువాత ఆయన ప్రొద్దుటూరు వైపు దువ్వూరు ఖజానాను కూడా కొట్టి, అహోబిలం దగ్గర కొత్తకోటలో పాడుబడిన కోటను స్థావరంగా చేసుకున్నాడు. పటం ముందు పెట్టుకుంటే ఆ ఎంపికలోని తెలివి తెలుస్తుంది. ముందు మైదానం, వెనుక నల్లమల. పటాలం వస్తున్నట్టు దూరం నుంచే తెలుస్తుంది, తెలిసిన వెంటనే అడవిలోకి జారిపోవచ్చు. కంపెనీ తరఫున కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ దళాలు వెంటపడ్డాయి. జూలై చివరికి గిద్దలూరు దగ్గర పెద్ద పోరు జరిగి రెండు వందల మంది దాకా తిరుగుబాటుదార్లు చనిపోయినా ఆయన చిక్కలేదు. కొత్తకోటకు వచ్చి, కుటుంబాన్ని వెంటబెట్టుకొని నల్లమల ఎక్కాడు.

శేషాచలం అడవుల అంచున పుట్టి పెరిగినవాడిగా ఒక మాట చెబుతాను. అడవిలో దాక్కోవడం సులువు, తినడం కష్టం. నాలుగు పూటలకు మించి బయటి ఊరి సాయం లేకుండా గుంపు బతకదు. కాబట్టి జూలై నుంచి అక్టోబరు దాకా, వెయ్యి రూపాయల బహుమతి దండోరా మోగుతున్నా, ఆయన పట్టుబడలేదంటే చుట్టుపక్కల ఊళ్లు గింజలూ కబురూ అందిస్తూనే ఉన్నాయని అర్థం. నెలకు నాలుగైదు రూపాయలతో సంసారం గడిచే రోజుల్లో వెయ్యి రూపాయలంటే ఏమిటో ఆలోచించండి. చివరికి పేరుసోమల దగ్గర చుట్టుముట్టినప్పుడు నలభై యాభై మంది చనిపోయి, ఆయనతో కలిపి తొంభై మంది దాకా చిక్కారు.

అర్జీదారు (చిత్తూరు)

బాహుదా గారు రాసింది రెండుసార్లు చదివాను. ఈనాముల సంగతి నేను తేలికగా తీసుకున్న మాట నిజం. భరణం పట్టికా ఈనాం పట్టికా ఒకే అలమరలో ఉంటాయని మాకు తెలియనిది కాదు, చూపు ఒక కాగితం మీద ఆగిపోయింది.

అయినా నాకొక అభ్యంతరం మిగిలే ఉంది. ఖజానాలో చనిపోయినవాళ్లు మన మనుషులే. తాసీల్దారు రాఘవాచారీ మనవాడే. తెల్లవాడు కడపలో కూర్చుని ఉండగా, కోయిలకుంట్లలో కత్తి దెబ్బ తిన్నది పది రూపాయల జీతం మీద సంసారం ఈదే గుమాస్తా. ఈ వైపు నుంచి కూడా అమ్మాయి ఆలోచించాలి. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి నాకు ఆ గుమాస్తా మొహమే కళ్లకు కడుతుంది.

కపిలతీర్థం (తిరుపతి)

మీ అభ్యంతరాన్ని కాదనను సార్, తిరుగుబాటులో ముందు చచ్చేది నౌకరే. కానీ మనవాడి నోటితో తిట్టించి, మనవాడి చేతితో ఈనాం కొట్టివేయించే ఆ ఏర్పాటు కంపెనీదే.

మీరు మొదట వేసిన ప్రశ్నకు, అంటే ఇది సొంత పేచీయా తిరుగుబాటా అన్నదానికి, కంపెనీయే జవాబు చెప్పిందని నా ఉద్దేశం. కేసు 901 మంది మీద పెట్టారు. ఖజానా దొంగతనమైతే అంతమంది ముద్దాయిలు ఎందుకు? వారిలో 412 మంది మీద నేరం రుజువు కాలేదు, 273 మందిని జామీను మీద వదిలారు, 112 మందికి 5 నుంచి 14 ఏళ్ల దాకా ఖైదు పడింది, కొందరిని ద్వీపాంతరం పంపారు. అంటే చేతికందినవాణ్నల్లా తెచ్చి నిలబెట్టారు. ఏ ఊరు ఎవరి పక్షమో వాళ్లకే తెలియని భయం అది. నరసింహారెడ్డి మీద మోపినవి హత్య, రాజద్రోహం. దొంగ మీద రాజద్రోహం మోపరు.

ఇక ఆ తల. 1847 ఫిబ్రవరి 22 ఉదయం రెండు వేల మంది చూస్తుండగా ఉరి తీశారు. అంతటితో శిక్ష ముగియాలి. ఆ తలను కోయిలకుంట్ల కోటలో 1877 దాకా, ముప్పై ఏళ్లు, వేలాడదీసి ఉంచారు. ఉరి తీసిననాడు పుట్టిన బిడ్డ పెరిగి, పెళ్లాడి, తన బిడ్డను చంకనేసుకొని ఆ కోట ముందు నుంచి సంతకు నడిచేదాకా ఆ తల అక్కడే ఉంది. నడుమ 1857 వచ్చింది, కంపెనీ పోయి రాణి వచ్చింది, తల దిగలేదు. ధాత కరువులో జనం ఆకలికి రాలిపోతున్న ఏటిదాకా ఉంది. నెలకు 11 రూపాయల తగాదాదారును ఎవరైనా ముప్పై ఏళ్లు కాపలా కాస్తారా?

పులిచెర్ల_పిల్లోడు

అయ్యవారూ, ఈ వాక్యం అమ్మాయి తప్పకుండా చెప్పాలి. నాకు ఇంకొక సందేహం. అప్పట్లో తిరుపతి కూడా కంపెనీ చేతిలోనే ఉండేదా?

కపిలతీర్థం (తిరుపతి)

ఉండేది. 1801 నుంచి 1843 దాకా తిరుమల ఆలయ వ్యవహారం కంపెనీ నేరుగా చూసుకుంది, కానుకల రాబడి కూడా ఆ లెక్కలోకే వెళ్లేది. 1843లో హథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించారు. కోయిలకుంట్ల తిరుగుబాటు దానికి మూడేళ్ల తరువాతది. కొండ మీద మన్రో పేరుతో గంగాళం నైవేద్యం ఉందని మనం ముచ్చటగా చెప్పుకుంటాం. ఆ మన్రో కట్టిన భరణమే రేనాడులో అంటుకుంది. ఒకే మనిషి ఒక సీమకు భక్తుడుగానూ, ఇంకొక సీమకు శిస్తుగానూ గుర్తున్నాడు. ఇది చర్చలో భాగం కాదు, అడిగారు కాబట్టి చెప్పాను.

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చనంతా అమ్మాయికి చదివి వినిపించాను. బాహుదా గారి మాటల దగ్గర ఆపి, కట్టుబడి అంటే ఏమిటో రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తరువాత నేను రాసిచ్చిన కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, తానే కూర్చొని రాసుకుంది. నా కాగితం "వీరుడు పుట్టిన గడ్డ" అని మొదలయ్యేది. ఆమెది అర్జీదారు గారి భాగహారంతో మొదలవుతుంది. 70 రూపాయలను సగం చేసి, మూడు చేసి, ఆ మిగిలిన మొత్తాన్ని అణా పైసలతో సహా చెప్పి, "ఈ సొమ్ము ఆయనది, మరి ఆయన వెనుక వచ్చినవాళ్లది ఏమి పోయింది?" అని అడుగుతుంది. చచ్చిపోయిన గుమాస్తా గురించి కూడా ఒక వాక్యం పెట్టింది. అది తీసేస్తే మార్కులు ఎక్కువ వస్తాయేమో అన్నాను. తీయనంది.

పోటీ అయ్యాక ఆ ఊరికి తీసుకెళ్లమని ఒకటే పోరు. దారి తెలిసినవాళ్లు చెప్పగలరా?

బాహుదా (మదనపల్లె)

తిరుపతి నుంచి కారులో అయితే రాజంపేట మీదుగా కడప, అక్కడి నుంచి మైదుకూరు, దువ్వూరు, ఆళ్లగడ్డ, ఆ తరువాత ఎడమకు తిరిగితే కోయిలకుంట్ల. దువ్వూరులో ఒక్క నిమిషం ఆపండి, ఆయన కొట్టిన రెండో ఖజానా ఆ ఊరిదే. రైలు ఇష్టమైతే ఎర్రగుంట్ల నుంచి నంద్యాలకు 2016లో ప్రారంభమైన లైను ఉంది. జమ్మలమడుగు దాటాక నొస్సం, సంజామల, కోయిలకుంట్ల వరుసగా స్టేషన్లే. నొస్సం బోర్డు వచ్చినప్పుడు అమ్మాయిని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. మేమూ మదనపల్లె నుంచి ఇద్దరం వస్తాం, తేదీ అనుకున్నాక ఇక్కడే రాయండి.

అర్జీదారు (చిత్తూరు)

నా పేరు కూడా రాసుకోండి. మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి పేరుసోమల కొండ ఎక్కలేను, కింద కూర్చుంటాను.